క్రోఖ్మాల్నా వీధి బాలధర్మాసనము

పోలండు రాజధానియైన వార్సా నగరమున, క్రోఖ్మాల్నా వీధిలో, 92వ సంఖ్యగల అనాథ శరణాలయపు పెద్ద సావడిలో గోడకు ఒక పలక వ్రేలాడుచుండెడిది. తన పెన్సిలు ఎవడో తీసికొని తిరిగి ఈయలేదనియో, ఆటలోనుండి తన్ను అన్యాయముగా గెంటివేసిరనియో, మారుపేరు పెట్టి వెక్కిరించిరనియో మనసు నొచ్చుకొన్న పిల్లవాడు, పిడికిలి బిగించి మీదికి దూకుటకును, ఏడ్చుచు పెద్దలకడకు పోయి చాడీ చెప్పుటకును మారుగా, ఆ పలకయొద్దకు నడచి, తన పేరును తనకు అపకారము చేసినవాని పేరును వ్రాసి, తన పనిమీద తాను పోయెడివాడు. తక్కిన పని న్యాయస్థానముది. ఆ న్యాయస్థానమున ఫిర్యాదియు పిల్లవాడే, సాక్షియు పిల్లవాడే, తీర్పు చెప్పువారును పిల్లలే. ఈ సంగతి విని నవ్వుకొన్న పెద్దలు ఆ కాలమున చాలమందియే యుండిరి. అయితే ఆ పలకమీద అప్పుడప్పుడు ప్రతివాది స్థానమున కనబడుచుండిన ఒక పేరును వారు చదివియుండినయెడల ఆ నవ్వు సగములోనే ఆగిపోయియుండును. ఆ పేరు శరణాలయమునకు అధిపతియగు వైద్యునిది.

ఆయనను లోకము యానుష్ కోర్చాక్ అని యెరుగును. అది కలము పేరు. ఇంట పెట్టిన పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. వార్సాలోనే ఒక యూదు కుటుంబమున జన్మించెను. పుట్టిన సంవత్సరము 1878 అని కొందరును 1879 అని కొందరును వ్రాయుదురు. తండ్రి జననపత్రమును సకాలమున తీసికొనకపోవుటచే వచ్చిన చిక్కు అది. అంతటి అశ్రద్ధ చేసిన ఆ తండ్రి వృత్తిచే న్యాయవాది యగుట ఒక వింత. కుమారుడు కౌమారదశలో నుండగానే ఆయనకు మతిభ్రంశము కలిగి, ఆస్తి కరగి, కుటుంబము కష్టముల పాలయ్యెను. చదువుకొనుచున్న బాలుడు ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి ఇల్లు గడపవలసివచ్చెను. తరువాత వైద్యుడై, బెర్సన్-బౌమన్ శిశువైద్యశాలలో ఏడేండ్లపాటు పనిచేసి, పేరు సంపాదించి, గ్రంథకర్తగా అంతకు మించిన పేరు సంపాదించి, 1912లో ఆ ఉద్యోగమును వదలుకొని, స్తెఫానియా విల్చిన్స్కా అను విద్యావతితో కూడి ఈ శరణాలయపు భారమును నెత్తికెత్తుకొనెను. రోగము కుదిర్చి పంపిన పిల్లవాడు తిరిగి అదే చీకటికొంపకును అదే ఆకలికిని పోవుచుండగా, వైద్యుడు చేసిన మేలు ఎన్నాళ్లు నిలుచునను చింత ఆయనను ఆసుపత్రినుండి ఆ ఇంటికి నడపించినది.

క్రోఖ్మాల్నా వీధి నిరుపేద యూదులతో, చిల్లర వర్తకులతో, దొంగలతో, భక్తులతో క్రిక్కిరిసియుండెడి వీధి. అనంతరకాలమున నోబెల్ బహుమానము పొందిన ఐజక్ బషేవిస్ సింగర్ బాల్యము గడచినదియు ఆ వీధిలోనే. ఆయన కథలు చదివినవారికి అచ్చటి మెట్లపైనుండి వచ్చు కేకలు సైతము పరిచితములే. ఆ పరిసరములనుండి వచ్చిన నూరుమందికి పైబడిన పిల్లలు ఒక్కకప్పు క్రింద చేరినప్పుడు వారు వెంట తెచ్చుకొన్న న్యాయము ఏది? బలవంతుడు కొట్టును, బలహీనుడు దాచును, తెలివిగలవాడు అబద్ధమాడును, పెద్దవాడు వచ్చి అందరిని కలిపి బాదును. పోలీసువాని చేతి దుడ్డుకఱ్ఱను, ఇంటి యజమాని బూతుమాటను, రొట్టెలవాని త్రాసులోని మోసమును చూచి పెరిగిన పిల్లవానికి ‘న్యాయము’ అను శబ్దము వినబడినంతమాత్రమున దానికి అర్థము తోచునా? నీతిపద్యము వల్లెవేయించినచో తోచునా? కోర్చాక్ ఈ ప్రశ్నకు ప్రసంగముతో గాక ఒక సంస్థతో సమాధానము చెప్పెను. 1912నకు ముందే, పేదపిల్లలను వేసవిలో పల్లెపట్టులకు తీసికొనిపోయిన శిబిరములలో ఆయన ఈ బాలన్యాయస్థానమును పరీక్షించి చూచియుండెను. క్రోఖ్మాల్నా వీధిలో అది వేరూనెను.

దాని పద్ధతిని కొంచెము నిదానముగా చూడవలయును, ఏలయన ఆ విద్య యంతయు పద్ధతిలోనే యున్నది. న్యాయమూర్తులు ఐదుగురు. వారిని ఎన్నుకొనుట లేదు, పెద్దలు నియమించుటయు లేదు. ఆ వారమున తమపై ఏ అభియోగమును లేని పిల్లలందరి పేర్లను చీట్లపై వ్రాసి, అందులో ఐదింటిని తీయుదురు. కావున నేడు ధర్మాసన మెక్కినవాడు రేపు బోనులో నిలువవచ్చును. నేడు బోనులో నిలిచినవాడు పై వారము తనకు తీర్పు చెప్పినవానికి తీర్పు చెప్పవచ్చును. ఈ ఒక్క యేర్పాటు న్యాయమూర్తికి నేర్పినంత నమ్రతను మన ధర్మశాస్త్ర గ్రంథములు సైతము నేర్పియుండవని నాకు తోచును. ఉపాధ్యాయులలో నొకరు కార్యదర్శిగా కూర్చుండి, వాంగ్మూలములను వ్రాసికొనుటయు, విచారణ వేళ వానిని చదివి వినిపించుటయు మాత్రము చేయవలయును; తీర్పులో ఆయనకు ఓటు లేదు. తీర్పులు ఒక పుస్తకమున కెక్కును, అందరియెదుట చదువబడును. పిల్లవాడు కావలయుననుకొన్నచో తనపై తానే అభియోగము తెచ్చుకొనవచ్చును. అట్లు తెచ్చుకొన్నవారును లేకపోలేదు.

ఇక స్మృతి. దీనిని కోర్చాక్ స్వయముగా రచించెను. అందలి అధికరణముల సంఖ్య 1 మొదలు 1000 వరకు పోవును గాని, నడుమ సంఖ్యలన్నియు నిండియుండవు. మొదటి 99లో నున్నవన్నియు అభియోగమును కొట్టివేయునవో, క్షమించునవో. ఫిర్యాది తన ఫిర్యాదును ఉపసంహరించుకొనెనని ఒకటి చెప్పును. నిన్ను పిలిపించి తొందరపెట్టినందులకు న్యాయస్థానమే నిన్ను క్షమాపణ వేడుచున్నదని ఒకటి చెప్పును. తెలియక చేసి యుండవచ్చును గనుక, తాను చేసినదానికి వగచుచున్నాడు గనుక, కోరిక బలీయమై మనసు పట్టుకొనలేకపోయెను గనుక, దయచేత తప్ప మఱియొకదానిచేత వీడు బాగుపడడు గనుక, ఇట్లు క్షమకు కారణములను వెదకి వెదకి ఆ వైద్యుడు రోగలక్షణములను పేర్కొన్నట్లు పేర్కొనెను. నిఘంటువు వ్రాయువాడు ఒక్క ధాతువునకు ఎన్ని అర్థచ్ఛాయలు గలవో చూపునట్లు క్షమకు ఛాయలు చూపిన శాసనకర్త చరిత్రలో ఇంకొకడు దుర్లభుడు.

అప్పుడు 100వ అధికరణము వచ్చును. అది క్షమింపదు, అట్లని శిక్షింపదు. ఈ పని నీవు చేసితివి అని మాత్రము పలికి ఊరకుండును. 200వది ఆ చేత తప్పు అని చెప్పును. 300వది ఖండించును. 400వది ఆ తప్పు పెద్దదని హెచ్చరించును. 500కు పేరు శరణాలయపు పత్రికలో పడును. 600కు పలకపై వ్రాయుదురు. 700కు ఇంటివారికి తెలియజేయుదురు. 800వది అపరాధిని కొలదికాలము న్యాయస్థానపు నీడనుండియే వెలివేయును. 900కు వచ్చునప్పటికి న్యాయస్థానము తనకు ఆశ సన్నగిల్లినదని ఒప్పుకొనును. అట్టివానికి పూచీపడి వెంట నిలుచుటకు ఎవడో ఒకడు ముందుకు రావలయును. 1000వది బహిష్కారము, అదియు తుది ద్వారబంధము కాదు, మూడునెలల తరువాత తిరిగి చేర్చుకొమ్మని అడుగు హక్కు బహిష్కృతునకు ఉండెను. దెబ్బగాని, పస్తుగాని, చీకటిగదిగాని ఆ స్మృతిలో వెదకినను కానరావు. అధికభాగము వ్యాజ్యములు మొదటి 99 అధికరణములలోనే ముగిసెడివి. తుది సంఖ్యలవరకు పోయినవి మిక్కిలి అరుదు.

ఇది అంతయు చదివి, ఆహా ఎంతటి రామరాజ్యమని మురిసిపోవు పాఠకునకు కోర్చాక్ తానే అడ్డుతగులును. ఈ న్యాయస్థానము తొలిదినములలో ఎంత చిక్కుపడెనో ఆయన తన గ్రంథమున దాచక వ్రాసియున్నాడు. వారమునకు పదులకొలది అల్పపు తగవులు వచ్చి పడెను. కొందరు పగ తీర్చుకొనుటకు పలకను వాడుకొనిరి. కొందరు న్యాయమూర్తులను ఎగతాళి చేసిరి. 100వ అధికరణము పడినవాడు, ఓస్, ఇంతేనా, అని భుజములెగురవేసెను. క్షమయే అధికమైన చోట అల్లరిమూకకు అది అలుసుగా కనబడుట సహజము. ఒక దశలో న్యాయస్థానము కొన్ని వారములపాటు మూతపడినది. మఱల తెరచినప్పుడు తీర్పు నచ్చనివారికి కొంతకాలము గడచినపిమ్మట పునర్విచారణ కోరు హక్కును, చిక్కువ్యాజ్యములను పరిష్కరించుటకు ప్రత్యేక సభను, అన్నిటికంటె ముఖ్యముగా ఉపాధ్యాయులను పెద్దలను సైతము న్యాయస్థానమున కీడ్చు హక్కును పిల్లలకు చేర్చిరి. అనగా, సంస్థ తడబడినప్పుడు పిల్లలకు ఇచ్చిన అధికారమును తగ్గించుటకు మారుగా పెంచిరి. సాధారణముగా పెద్దలు చేయునది దీనికి విపర్యయము గదా.

ఆ చివరి హక్కు కాగితముపై నిలిచిపోలేదు. ఆరునెలల కాలములో తాను ఐదుమార్లు న్యాయస్థానమునెదుట నిలిచితినని కోర్చాక్ వ్రాసెను. ఒకమారు పిల్లవాని చెంపమీద కొట్టినందులకు. ఒకమారు ఒకనిని పడకగదినుండి వెళ్లగొట్టినందులకు. ఒకమారు ఒకనిని మూలన నిలువబెట్టినందులకు. ఒకమారు న్యాయమూర్తిని అవమానించినందులకు. ఒకమారు ఒక బాలికపై దొంగతనము మోపినందులకు. ఈ జాబితాను మెల్లగా చదువవలయును. ఇందులో ఏ ఒక్కటియు ఆ కాలపు బడిలోగాని ఇంటిలోగాని నేరమనిపించుకొనదు. అట్టివి రోజునకు పదిమార్లు జరిగి, రాత్రికి మరపున పడునవి. అట్టివానికే ఆయన సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. ఈ ఐదు వ్యాజ్యములే తనకు ఉపాధ్యాయత్వమున నిజమైన శిక్షణ నిచ్చెనని, తనవంటివాడు పిల్లలకు అన్యాయము చేయకుండుటకు కారణము పిల్లలపై ప్రేమ కాదు, పెద్దవాని స్వేచ్ఛావర్తనమునుండి వారిని కాపాడు ఒక సంస్థ ఉండుటయే యని ఆయన నిర్ణయమునకు వచ్చెను. పిల్లల హక్కులను గూర్చి ఎవరేమి వ్రాసినను, ప్రేమకును హక్కునకును నడుమ గీత గీచిన ఈ నిర్ణయమునకు సాటివచ్చునది నేను చదువలేదు. ప్రేమ ఇచ్చువాని ఇష్టము. హక్కు పుచ్చుకొనువాని సొత్తు.

పిల్లలచేత పిల్లల వ్యవహారములను నడిపించు ప్రయత్నము కోర్చాక్‌తోనే పుట్టినది కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున ఫ్రీవిల్ అను పల్లెలో 1895లో విలియం జార్జి అనునతడు బాలుర గణరాజ్య మొకటి స్థాపించి, వారిచేతనే శాసనములు చేయించి, వారిచేతనే న్యాయస్థానములు నడిపించెను. ఇంగ్లండులోని డార్సెట్ మండలమున హోమర్ లేన్ 1913లో ‘లిటిల్ కామన్వెల్త్’ అను పేర నేరముచేసి పట్టుబడిన బాలబాలికలకు ఇట్టి స్వపరిపాలన నిచ్చెను. అది 1918లో ఆగిపోయినను, సమ్మర్‌హిల్ పాఠశాలను స్థాపించిన ఏ. ఎస్. నీల్ మొదలగు వారిపై దాని ముద్ర గాఢముగా పడినది. కోర్చాక్ శరణాలయములోనివారు అనాథలే గాని నేరస్థులు గారు. అయినను 1930లలో ఆయన వార్సాలోని బాలల న్యాయస్థానమునకు నిపుణుడుగా సలహా చెప్పుచు, నేరము మోపబడిన పిల్లలను దగ్గరనుండి చూచెను. అనాథకును బాలనేరస్థునకును నడుమనున్న దూరము క్రోఖ్మాల్నా వీధిలో రెండిండ్ల దూరమునకు మించదని ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక ప్రక్కదారి తొక్కవలసియున్నది. ఏలయన దయయే చాలును, హక్కెందులకు అని అడుగువారికి సమాధానము ఆ దారిలోనే దొరకును. 1899లో షికాగోలో, ప్రపంచమునకు మార్గదర్శకమైన మొదటి బాలల న్యాయస్థానము వెలసెను. దాని ఉద్దేశము కరుణామయము: న్యాయాధిపతి తండ్రివలె, పిల్లవాడు కుమారునివలె, తండ్రికొడుకుల నడుమ వకీలెందులకు, సాక్ష్యపు నియమములెందులకు, అపీలెందులకు? ఈ తండ్రితనము అరువదియైదేండ్లు నడచునప్పటికి ఎట్లు పరిణమించెనో చూడుడు. 1964 జూన్ మాసమున అరిజోనా రాష్ట్రమున గ్లోబ్ అను ఊరిలో, జెరాల్డ్ గాల్ట్ అను పదునైదేండ్ల బాలుడు పొరుగింటామెతో టెలిఫోనులో అసభ్యముగా మాటలాడెనని పట్టుకొనిపోయిరి. తల్లిదండ్రులు పనిపై పోయియుండగా జరిగిన ఈ పనిని వారికి తెలియజేయు చీటీ యొక్కటియు ఇంట పెట్టలేదు. ఫిర్యాదు చేసిన స్త్రీ విచారణకు రాలేదు. వకీలు లేడు. విచారణ వ్రాసియుంచినవాడు లేడు. తీర్పు మాత్రము వచ్చినది: ఇరువదియొకటవ యేడు నిండువరకు, అనగా ఆరేండ్లవరకు, ప్రభుత్వ బాలశిక్షాలయమున ఉంచవలయునని. అదే మాట పెద్దవాడు పలికియుండినయెడల 5 మొదలు 50 డాలర్ల జరిమానా, లేదా రెండునెలలకు మించని ఖైదు! 1967 మే 15వ తేదీని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఈ తీర్పును కొట్టివేసి, నేరారోపణమేమో తెలిసికొను హక్కును, వకీలును పొందు హక్కును, సాక్షులను ప్రశ్నించు హక్కును, తనకు విరుద్ధముగా తాను సాక్ష్యము చెప్పక మౌనము వహించు హక్కును పిల్లలకును గలవని స్థాపించెను.

హక్కు ఉన్నంతమాత్రమున చాలదు, అది తనకున్నదని పిల్లవానికి తెలియవలయును గదా. ఆ తీర్పు వెలువడిన ఐదేండ్లకు, 1972లో, వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయపు న్యాయవిద్యార్థులు ఉన్నత పాఠశాలలకు పోయి, పోలీసువాడు ఆపినప్పుడు ఏమి చేయవలయును, ఇంటి యజమాని వెళ్లగొట్టినప్పుడు ఎవరికి చెప్పుకొనవలయును అను తీరున వీధిలో పనికివచ్చు చట్టమును బోధింపసాగిరి. దానికి ‘స్ట్రీట్ లా’ అని పేరు. అది క్రమముగా చెరసాలలలోనికిని బాలుర నిర్బంధగృహములలోనికిని ప్రవేశించెను. 1980ల నడుమ వర్ణవివక్ష రాజ్యమేలుచుండిన దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరపు విశ్వవిద్యాలయము దానిని అందిపుచ్చుకొనెను.

మన దేశపు మాట కూడ కొంచెము చెప్పుకొనక తప్పదు. క్రోఖ్మాల్నా వీధిలో చెంపదెబ్బకు వైద్యుడు బోనెక్కుచుండిన కాలమున, మన దేశమున అమలులో నుండిన చట్టము బాలాపరాధికి బెత్తపు దెబ్బలను విధించుటకు న్యాయాధిపతికి అనుజ్ఞ నిచ్చియుండెను. 1864నాటి కొరడాశిక్షా చట్టమును, దాని స్థానమున వచ్చిన 1909నాటి చట్టమును పదునారేండ్లలోపు బాలురకు ఇతర శిక్షలకు బదులుగా దీనిని చూపినవి. స్వాతంత్ర్యము వచ్చిన ఎనిమిదేండ్లకుగాని, అనగా 1955లోగాని, ఆ శిక్ష రద్దు కాలేదు. శాసనమున నున్నది బడిలో ఉండకుండునా? మన వీధిబడులలో దూలమునకు కట్టిన త్రాటిని పట్టుకొని పిల్లవాడు వ్రేలాడవలసిన కోదండమును, గోడకుర్చీని, తొడపాశమును, గుంజిళ్లను అనుభవించిన తాతలు వానిని ముచ్చటగా చెప్పుకొనెడివారు. ఎంత చెప్పినను వారి ముచ్చటలో దెబ్బతిన్నవాడు ఎవరికైన ఫిర్యాదు చేసెనను ఘట్టము వినబడదు. రచ్చబండయొద్ద ఊరి పెద్దలు తగవు తీర్చుచుండగా పిల్లలు అరుగుల అంచున కూర్చుండి నోరు తెరచి చూచుటయే గాని, వారి తగవు ఆ బండమీదికి ఎక్కినది లేదు.

అట్లని మనవారు ఏమియు చేయలేదనరాదు. 1876లోను తిరిగి 1897లోను వచ్చిన సంస్కారశాలల చట్టములు బాలుని పెద్ద ఖైదీల నడుమనుండి వేరుచేసెను. అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షుడుగా 1919–20లో దేశమందలి చెరసాలలను పరిశీలించిన సంఘము బాలలను చెరసాలకే పంపరాదని పలికెను. ఆ సంవత్సరముననే, 1920లో, మన తెలుగు జిల్లాలను కలుపుకొనియుండిన మద్రాసు రాజధాని బాలల చట్టమును చేసి దేశమునకు తోవ చూపెను. 1922లో వంగరాష్ట్రమును 1924లో బొంబాయియు దానిని అనుసరించెను. పసివాని వయస్సునకు తగిన విచారణయు చెరసాలకు మారుగా బడియు అందులో నుండుట నిజముగా గొప్పయే. కాని ఆ చట్టము పిల్లవానిని రక్షింపదగినవానిగా చూచెను. మాట చెప్పదగినవానిగా చూడలేదు. షికాగో తండ్రితనము మద్రాసునకును వచ్చియుండెను.

వార్సాకు మరలుదము. 1924లో నానాజాతి సమితి జెనీవాలో బాలల హక్కుల ప్రకటన నొకదానిని అంగీకరించెను. లోకమంతయు దానిని పొగడుచుండగా, 1929లో వెలువడిన ‘బాలుని గౌరవార్హత’ అను భావముగల పేరుతో వ్రాసిన చిన్నపొత్తమున కోర్చాక్ దానిపై పెదవి విరిచెను. జెనీవా శాసనకర్తలు హక్కులకును విధులకును భేదము తెలియక కలిపివేసిరనియు, వారి కంఠమున వినబడునది అధికారముతో అడుగుట కాదు, ప్రాధేయపడుట యనియు ఆయన ఆక్షేపణ. అంతకు మూడేండ్ల క్రిందట, 1926 అక్టోబరు 9న, పిల్లలే వ్రాసి పిల్లలే కూర్చు వారపత్రికను ‘మావీ ప్షెగ్లోంద్’ అను పేర ఒక దినపత్రికకు అనుబంధముగా ఆయన ప్రారంభించియుండెను. నోరున్న పిల్లవానికి పలకయు, పలకకు చాలనంత మాటయున్న పిల్లవానికి పత్రికయు!

తరువాతి కథ అందరును ఎరిగినదే గనుక దీర్ఘము చేయను. 1940 చివర జర్మనులు ఆ ఇంటిలోని వారిని క్రోఖ్మాల్నా వీధినుండి వెళ్లగొట్టి యూదుల వాడగోడల నడుమకు నెట్టిరి. ఆకలియు విషజ్వరములును వాడను ఊడ్చుచుండగా 1942 జూలై 18న ఆ పిల్లలు ఒక నాటకము ఆడిరి. అది మన రవీంద్రుని ‘డాక్‌ఘర్’. గది దాటరాదని వైద్యుడు కట్టడిచేసిన అమలుడను పసివాడు కిటికీకడ కూర్చుండి రాజుగారి ఉత్తరమునకై ఎదురుచూచు కథను, గోడల నడుమ బందీలైన ఆ పిల్లలు ఏ మనసుతో పలికిరో! వంగదేశమున పుట్టిన మాట విస్తులా నదీతీరమున అట్టి దినమున వినబడుట తలచుకొన్నప్పుడెల్ల కలము కొంతసేపు ఆగును. మూడువారములైనను నిండకుండ, ఆగస్టు తొలిదినములలో, దాదాపు 200 మంది పిల్లలతోను స్తెఫానియాతోను తక్కిన ఉపాధ్యాయులతోను కూడి ఆయనను త్రెబ్లింకా మరణశిబిరమునకు రైలెక్కించిరి. తప్పించుకొనుటకు వచ్చిన అవకాశములను ఆయన అంతకు ముందే త్రోసిపుచ్చియుండెను. త్రెబ్లింకాలో నేడు స్మారకముగా నిలిపిన వేలకొలది రాళ్లలో ఒక వ్యక్తి పేరు గల రాయి ఒక్కటే; దానిపై కోర్చాక్ పేరును, ఆ వెంట పిల్లలును ఉన్నారు.

అయితే ఆ పలక చెరిగిపోలేదు. 1978లో ఐక్యరాజ్యసమితియెదుట బాలల హక్కులకై ఒక అంతర్జాతీయ ఒడంబడిక కావలయునని ప్రతిపాదించినది పోలండు దేశమే. పదేండ్లకు పైబడిన తర్జనభర్జనల పిమ్మట 1989 నవంబరు 20న అది రూపుదాల్చెను. అందలి 12వ అధికరణము తనకు సంబంధించిన ప్రతి విషయమునను తన అభిప్రాయము చెప్పు హక్కును, న్యాయస్థానమున సైతము వినబడు హక్కును పిల్లవానికి ఇచ్చినది. 40వది నేరారోపణకు లోనైన బాలునకు గాల్ట్ వ్యాజ్యమున తేలిన రక్షణలనే లోకమంతటికి విస్తరింపజేసినది. 42వది ఈ హక్కులను పెద్దలకే గాక పిల్లలకును తెలియజెప్పు భారమును ప్రభుత్వములపై మోపినది. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు క్రోఖ్మాల్నా సావడిలోని బల్లలు కన్నులకు కట్టును. మనదేశము 1992 డిసెంబరు 11న ఆ ఒడంబడికలో చేరెను. 2011 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విద్యను గూర్చి చేసిన ప్రకటన ఆ విద్యను మూడు విధములుగ విభజించినది: హక్కులను గూర్చిన విద్య, హక్కుల ద్వారా విద్య, హక్కుల కొరకు విద్య. మొదటిది పుస్తకమున చెప్పవచ్చును. రెండవదానికి పలకయు చీట్లును కావలయును.

మన బాలన్యాయ చట్టములు 1986, 2000, 2015 సంవత్సరములలో ఒకదాని స్థానమున నొకటి వచ్చినవి. నేరము మోపబడిన పిల్లవాడు నేడు మామూలు న్యాయస్థానమునకు గాక, ఒక న్యాయాధిపతియు ఇద్దరు సంఘసేవకులును కూర్చుండు బాలన్యాయ మండలి యెదుటకు పోవును. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీయై యుండవలయును. వీనిలో చివరి చట్టము పదునారేండ్లు నిండి ఘోరనేరము చేసినవానిని పెద్దవానిగా విచారించుటకు తలుపు తెరచినదని వాదోపవాదములు నేటికిని సాగుచున్నవి; ఆ వాదమునందు అందరి కంఠములును వినబడును గాని, నిర్బంధగృహమున నున్నవాని కంఠము మాత్రము వినబడదు. ఇది నాకు వింతగా తోచును, ఏలయన ఆ చట్టము క్రింద 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మాదిరి నియమావళిలో, ఎవరును అంతగా చదువని ఒక మూలను, ప్రతి బాలల గృహమునను పిల్లల సంఘములు ఏర్పడవలయునని యున్నది. ఆరు మొదలు పదియేండ్లవారికి ఒకటి, పదునొకండు మొదలు పదునైదేండ్లవారికి ఒకటి, పదునారు మొదలు పదునెనిమిదేండ్లవారికి ఒకటి. వానిలో పిల్లలే సభ్యులు. దినచర్యను ఆహారపు పట్టికను సరిచూచుట, గోడపత్రికలో తమ రాతలు ప్రకటించుట, తోడివారుగాని సంరక్షకులుగాని చేసిన దౌష్ట్యమును పైవారికి తెలియజేయుట వారి పనులలో చేర్చబడినవి.

గోడపత్రిక వచ్చినది. సంరక్షకునిపై ఫిర్యాదును వచ్చినది. నియమావళిని మొదటినుండి చివరవరకు రెండుమార్లు త్రిప్పి చూచితిని. చీట్లు తీసి ఐదుగురు పిల్లలను న్యాయమూర్తులుగా కూర్చుండబెట్టు పద్ధతి మాత్రము అందులో ఇంకను చేరలేదు.